సీసం సిపాయిల కింది మన్ను

మొన్న సోమవారం మధ్యాహ్నం మా మామ పోయారు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఆయన గుండె ధైర్యం గురించే చెప్పి పోతున్నారు. మిలట్రీ క్యాంపులోకి ఒంటరిగా నడిచి వెళ్లిన మనిషట! వెళ్లిన మాట నిజమే. కానీ ఆయనంత భయస్తుణ్ణి నేను నా జన్మలో చూడలేదు. ఆ భయాన్ని పక్కన పెట్టి తలుచుకుంటే ఆయన మా మామ కాకుండా ఇంకెవరో అవుతారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామ పని బొమ్మలు చేయడం. ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్లు ఆయన దగ్గర రాజులను, గుర్రాలను, బంట్లను చేయించుకునేవారు. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి ముద్ద చేసేవారు. కుంచెను ఉడుత వెంట్రుకలతో ఆయనే కట్టుకునేవారు. బొటనవేలంత బంటు అయినా సరే, ముందు వాడు నిలబడే పీట తయారు కావాలి. దాని మీద జిగురు రాసి నిజం మన్ను చల్లేవారు. "ముందుగాల నేల, తర్వాత మనిషి. కాళ్ల కింద జాగా లేనోడు యుద్ధమేం జేస్తడు బిడ్డా?" అనేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకది వేళాకోళంగా ఉండేది. ఎక్కడ మంచి మన్ను కనబడినా ఆయన ధోతి కొంగున మూటగట్టుకుని రావడం చూసి నవ్వుకునేదాన్ని.

పోలీసు యాక్షన్ అయి రజాకార్ల పీడ పోయిందని ఊరు ఊపిరి పీల్చుకుందో లేదో, మా ఊరి దొర గడీలో మిలట్రీ క్యాంపు పెట్టారు. ఈసారి వెతుకులాట అడవుల్లోని కమ్యూనిస్టు దళాల కోసం. మామకు ఒక్కడే కొడుకు, అంటే నా పెనిమిటి. ఆయన దళంలో ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలి, వాగు అవతల పాడుబడిన బావిలో, మెట్ల కింది గూట్లో దాక్కుని ఉన్నాడు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. నేను సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని, అడుగున జొన్నరొట్టెలు దాచి, పట్టపగలే వెళ్లి వచ్చేదాన్ని. తిరిగొచ్చేదాకా మామ గడప దగ్గరే కూర్చునేవారు. నన్ను చూడగానే లేచి లోపలికి పోయేవారు.

అట్లాంటి రోజుల్లో క్యాంపు నుంచి మామకు పిలుపు వచ్చింది. సంగతి తెలిసిపోయిందనే అనుకున్నాం. ఆయన చెప్పులు వేసుకోబోతే కాలు చెప్పులో దూరలేదు. తీరా చూస్తే పిలిచింది బొమ్మల కోసం. క్యాంపు పెద్ద సాబు దగ్గర సీసంతో పోసిన చిన్న చిన్న సిపాయిలు ఉన్నారు. సాయంత్రాలు పెద్ద బల్ల మీద వాళ్లను బారులు తీర్చి, కర్రతో కొలిచి జరుపుతూ, పాచికలు వేస్తూ ఇంకో అఫీసరుతో యుద్ధం ఆట ఆడతాడట. రంగులు పోయాయి, పీటలు విరిగాయి, బాగు చేయమన్నాడు. దానితో పాటు ఇంకో మాట అన్నాడు.

"ఆటకు రెండు దిక్కులు కావాల్నంట. గా అడవిల తిరిగేటోళ్లను గూడ చెయ్యమన్నడు," అని మామ నాతో చెప్పి, కాసేపు తన చేతులనే చూసుకున్నారు. "నా కొడుకును నన్నే చెయ్యమన్నడు బిడ్డా."

చేయకపోతే అనుమానం. చేశారు. సిపాయిల పీటలకు మా ఊరి ఎర్ర చెలక మన్ను. దళపోళ్ల పీటలు దూరం నుంచి వేరుగా తెలియాలి కాబట్టి తెల్లటి సుద్ద. గొంగడి, తలరుమాలు, చేతిలో బర్మారు తుపాకి, అన్నీ కుదిరాయి. అందరికీ కండ్లు ఆఖరున దిద్దారు. కూలి మాట ఎత్తకుండా అప్పగించి వచ్చి, హమ్మయ్య అని చుట్ట ముట్టించారు.

నేను గిన్నెలు తోముతూ ఊరికే అడిగాను. "మామా, గంత తెల్ల మన్ను యాడ దొరికింది?"

"యాడికి పోయిన? గడప కాడ రాలి ఉండె. నీ కాళ్లకెల్లి రాలిందే..."

ఆ మాట పూర్తి కాలేదు. మా చుట్టుపట్ల నేలంతా ఎర్రటి చెలక. తెల్ల సుద్ద ఉండేది ఒక్క పాడుబావి చుట్టే. వాగును రాళ్ల మీదుగా దాటే నా మడమలకు రోజూ అంటుకుని వచ్చి గడప దగ్గర పెచ్చులుగా రాలుతోంది. మంచి మన్ను కనబడితే ఎత్తిపెట్టుకునే చెయ్యి దాన్నీ ఎత్తిపెట్టుకుంది. ఆ మన్ను ఇప్పుడు సాబు బల్ల మీద, సరిగ్గా దళపోళ్ల కాళ్ల కింద ఉంది. సాబుకు తెలియకపోవచ్చు. కానీ ఆయన పక్కనే కూర్చునే మా ఊరి అధికారి, పోలీసు పటేల్‌కు ఊరి మన్ను ప్రతి చారెడూ తెలుసు.

మామ చుట్టను నేలకు రుద్ది ఆర్పేశారు. "నువ్వు గంప ఎత్తుకో," అన్నారు. "నేను గడీకి పోత."

నేను పరుగెత్తలేదు. పరుగెత్తితే చూసేవాళ్లకు అనుమానం. గంప సర్దుకుంటూ మామూలుగా నడిచాను. బావిలోకి దిగి నా పెనిమిటితో ఒకటే మాట చెప్పాను. "నీ కాళ్ల కింది మన్ను క్యాంపుల బల్ల మీదున్నది." ఆయన కర్ర ఊతంతో లేచి, బోడు గుట్టల వెనక నుంచి కృష్ణానది దిక్కు అడవులకు నడిచాడు. కుంటుతూ పోతుంటే వెనక నుంచి చూడడం నా వల్ల కాలేదు.

గడీలో జరిగింది మామ నాకు జీవితంలో ఒక్కసారే చెప్పారు. ఆయన వెళ్లేసరికి పటేల్ ఒక దళం బొమ్మను చేతిలో పట్టుకుని, దాని పీటను గోటితో గీకుతున్నాడట.

"సాబ్, జిగురుల మైలుతుత్తం కలుపుడు మర్చిన. పురుగు పడ్తది. ఒక్క పూట ఇయ్యున్రి, బాగు జేసి తెస్త," అన్నారట మామ. సాబు నవ్వి, తీసుకుపొమ్మని చెయ్యి ఊపాడు. పటేల్ మాత్రం తన చేతిలో ఉన్నదాన్ని వెంటనే ఇవ్వలేదు.

"మన్ను మంచిగున్నది. యాడిదిరా?"

"సున్నం కలిపిన, పటేలా."

"సున్నమా," అన్నాడట పటేల్. గోరు కేసి చూసుకుని, ధోతికి తుడుచుకుని, బొమ్మ ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చి మామ గడప మీద కూలబడ్డారు. చెంబుతో నీళ్లిస్తే సగం మీద పోసుకున్నారు. ఆ పూటే సుద్దంతా గీకి పారేసి ఇసుకలో నిజంగానే సున్నం కలిపి అద్ది ఇచ్చి వచ్చారు. అయినా రెండు రోజులు దాటకముందే సిపాయిలు నేరుగా పాడుబావి దగ్గరికి వెళ్లారు. మూడు రాళ్ల పొయ్యి, సీతాఫలం గింజలు దొరికాయి. మనిషి దొరకలేదు.

పటేల్ చెప్పాడా, చెప్పడానికి ఆ రెండు రోజులు ఆగాడా, సిపాయిలు తమంతట తామే పోయారా? మాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం మామకు ఎన్నడూ లేదు. నా పెనిమిటి ప్రాణాలతో తిరిగొచ్చాడు, పిల్లలు పుట్టారు, క్యాంపు ఎత్తేశారు. అయినా పటేల్ మా వాకిలి ముందు నుంచి పోతుంటే మామ చేతిలో కుంచె ఆగిపోయేది. పటేల్ చచ్చిపోయిన రోజున కూడా మామ ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ తర్వాత ఆయన ఏ బొమ్మ కిందా నిజం మన్ను పెట్టలేదు. పీటకు నల్లరంగు పూసి ఊరుకునేవారు. బంట్లు గాలిలో నిలబడ్డట్టున్నారని కథలవాళ్లు గునిసేవారు. ఇంట్లోకి ఎవరు వచ్చినా ముందు వాళ్ల కాళ్ల కేసి చూసేవారు. "కాళ్లు కడుక్కున్నవా? మడిమెలు రుద్దినవా?" మనవళ్లనూ అడిగేవారు, శిస్తు వసూలుకు వచ్చినవాణ్ణీ అడిగేవారు. ముసలాయనకు మడి ఎక్కువని వాడకట్టంతా నవ్వేది. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని, చెంబుతో నీళ్లు మాత్రం తెచ్చి పెట్టేదాన్ని. అంత భయంతోనే గడీకి వెళ్లి ఆయన నాకు చేసిన మేలు ఏమిటో ఆ నవ్వేవాళ్లకు ఏం చెప్పను?

మొన్న సాయంత్రం దహనం చేసి నా పెనిమిటి తిరిగొచ్చాడు. ఈయనా ముసలివాడయ్యాడు, ఆ కాలు ఇంకా ఈడుస్తాడు. ఆనవాయితీ ప్రకారం గడప బయట నిలబడితే నేను కాళ్ల మీద నీళ్లు పోశాను. ఆయన లోపలికి అడుగు వేయబోయాడు.

"ఆగు," అన్నాను. "మడిమెకు ఇంకా ఉన్నది."

ఆయన నా ముఖంలోకి చూసి, గోడ పట్టుకుని, మెల్లగా మడమ ఎత్తాడు. వల్లకాటి ఎర్ర మన్ను మెట్ల మీదుగా వాకిట్లోకి జారింది. నీళ్లు తేటగా వచ్చేదాకా పోశాను. ఆయన లోపలికి వెళ్లాక వంగి, గడపను కొంగుతో తుడిచాను.