మూత పడకముందు

మేస్త్రీగారు పోయారని నాకు మూడో రోజున తెలిసింది. అద్దంకి బస్టాండు దగ్గర పండ్లు అమ్మే ఆమె, జామకాయలు సంచీలో వేస్తూ, "మీ ఇంజను మేస్త్రీ చనిపోయాడుగా మేడమ్, చూడ్డానికి వెళ్లారా?" అంది. జామకాయల డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. ఎనిమిది నెలలుగా ఆయన షెడ్డున్న వీధి తప్పించి, కాలేజీకి చుట్టుదారిలో వెళ్తున్నదాన్ని. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మీకు చెప్పాలి. చెప్పకుండా ఆయన గురించి రాసే అర్హత నాకు లేదు. చెప్పినా ఉంటుందో లేదో తెలియదు.

మా నాన్న పశువుల డాక్టరు. ఇంగ్లండులో తయారైన ఒక పాత మోటారు సైకిలు మీద మార్టూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. తొంభై ఎనిమిదిలో ఆయన పోయాక ఆ బండి వసారాలో ఉండిపోయింది. ఇంజను బిగుసుకుపోయింది. పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేద్దామన్నాడు తమ్ముడు. అమ్మ ఔననలేదు, కాదనలేదు. రోజూ సీటు మాత్రం తుడిచేది. ఆ తుడవడం చూడలేకే నేను ఇంజనును మేస్త్రీగారి దగ్గరకు చేర్చాను.

ఆయన అంతా విప్పి, ఒక్కొక్క భాగమూ కిరసనాయిలులో కడిగి, నులకమంచం మీద పాత పంచె పరిచి ఆరబెట్టారు. అరిగిన బేరింగును చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పారు. "కొత్త సామాను ఎవడైనా బిగిస్తాడు అమ్మాయ్. పాతది ఎందుకు అరిగిందో ముందు తెలుసుకోవాలి," అన్నారు. డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నన్ను ఆయన ఎప్పుడూ మేడమ్ అనలేదు. నాన్న బండి వెనక కూర్చుని వచ్చే చిన్నపిల్లగానే ఉండిపోయాను ఆయనకు.

ఆయనకో నియమం ఉండేది. ఇంజను మూసే రోజున బండి సొంతదారు ఎదురుగా ఉండాలి. లోపలికి వెళ్లే ప్రతి బేరింగూ ప్రతి పళ్లచక్రమూ చూడాలి, చేత్తో ముట్టుకోవాలి. పెద్ద ఆసామి అయినా, లారీ డ్రైవరయినా అంతే. రాకపోతే పని అక్కడితో ఆపేసేవారు. తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. "మూత పడ్డాక నేను చెప్పిందే నువ్వు నమ్మాలి. పడకముందు నీ కళ్లనే నమ్ముకో," అనేవారు.

మా ఇంజనులో అరిగిన బేరింగు అంగుళాల కొలతది. ఇప్పుడు వచ్చేవన్నీ మిల్లీమీటర్లవి. పత్తి మిల్లులకు, కారం మిల్లులకు సామాను అమ్మే గుంటూరు దుకాణాలన్నీ ఇద్దరం కలిసి తిరిగాం. మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే మిషన్ల వాళ్లనూ అడిగాం. ఆయన పాత బేరింగును తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకునేవారు. గుంటూరులో ఒక దుకాణదారు దాన్ని చూసి నవ్వాడు.

"ఇదింకా ఎక్కడ దొరుకుద్ది మేస్త్రీ? దగ్గర సైజు ఇస్తా, వేసెయ్. వెంట్రుకవాసి తేడా."

"ఆ వెంట్రుకవాసి కోసమేనయ్యా పొద్దున్నే బస్సెక్కింది," అన్నారు మేస్త్రీగారు.

మిరపకాయల ఘాటుకు ఇద్దరం తుమ్ముకుంటూ ఖాళీ చేతులతో తిరిగొచ్చాం. అలా రెండేళ్లు. అడిగినప్పుడల్లా "వస్తుందిలే" అనేవారు. మొదట్లో ఆ మాట ధైర్యంగా వినిపించేది. తర్వాత్తర్వాత విసుగు పుట్టించింది. చేయలేననడానికి మొహమాటపడుతున్నారేమో అనిపించింది. నాన్న తద్దినం దగ్గరపడింది. ఆ రోజు బండి ఇంటి ముందు మోగితే అమ్మ వింటుందని నా ఆశ.

ఆయన దగ్గరకు వెళ్లి, బండి అమ్మేద్దామని అమ్మ అంటోందని అబద్ధం చెప్పాను.  ఆయన భాగాలన్నీ విడివిడిగా కాగితాల్లో చుట్టి, ఏది ఏదో పెన్సిలుతో రాసి, ఆటోలో స్వయంగా సర్దారు. నేను వాటినీ బండినీ మరో ఊళ్లో కుర్ర మెకానిక్కుకు ఇచ్చాను. అతను నాలుగు రోజుల్లో బండి చేతికిచ్చాడు.

తద్దినం రోజున బండి మోగింది. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది, చేతికంటిన పిండి కూడా కడుక్కోలేదు. ఆ ముఖం చూసినప్పుడు నా అబద్ధం నాకు గుర్తు రాలేదు. సాయంత్రం తమ్ముడు నన్ను వెనక ఎక్కించుకుని మార్టూరు వైపు బయల్దేరాడు. పది కిలోమీటర్లు దాటాక ఇంజను మూలిగినట్టు చప్పుడు చేసి పట్టేసింది.

ఇంటికి చేర్చి విప్పించి చూస్తే తెలిసింది. ఆ కుర్రాడు దగ్గర సైజు బేరింగే వేశాడు. వదులుగా ఉందని, అది కూర్చునే గుండ్రటి చోటంతా ఉలిలాంటి పంచ్‌తో గుంటలు కొట్టి బిగించాడు. గుంటలు అరిగాయి, బేరింగు తన చోట్లోనే గిర్రున తిరిగింది, ఇంజనుకు పెట్టెలాంటి కేసు లోపలంతా చెక్కుకుపోయింది. బేరింగు పోతే ఎక్కడో మరొకటి వెతకొచ్చు. ఆ కేసు పోతే నాన్న బండే లేదు.

ఆ కేసును మేస్త్రీగారి ముందు పెట్టాను. ఆయన ఆ గుంటల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పారు. ఎవరు చేశారని అడగలేదు. అబద్ధమెందుకు చెప్పావనీ అడగలేదు.

"మూత వేసేటప్పుడు నువ్వున్నావా అమ్మాయ్?"

"లేనండి."

"అక్కడ పెట్టి వెళ్లు," అన్నారు.

ఆ గొంతులో కోపమే ఉందో, అలసటే ఉందో, లేక పని చేతికొచ్చినవాడు మామూలుగా అనే మాటేనో, ఇప్పటికీ నాకు తేలలేదు. నేను మాత్రం ఇంక రావద్దన్నట్టే విన్నాను. లేదా అలా వినడం నాకు సులువైంది. రేపు వెళ్దాం, పరీక్షలయ్యాక వెళ్దాం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను. ఈ లోపల ఆయనకు ఊపిరితిత్తులు చెడ్డాయట. మా ఇంటికి అర మైలు దూరంలో ఆయన దగ్గుతూ కూర్చున్నారు, నాకు తెలియదు.

కబురు తెలిసిన సాయంత్రమే వెళ్లాను. ఆయన భార్య నన్ను చూసి ఏడవలేదు. షెడ్డు తాళం తీసి, "మీ సామాను ఉందమ్మా," అంది. రాళ్ల లారీలు లేపే దుమ్ము ఇంజన్లలో పడకుండా గుమ్మానికి గోనెపట్టా వేలాడుతోంది. లోపల చీకటి. బల్ల మీద గుడ్డ కప్పిన కేసు. గుడ్డ తీస్తే ఒక్క గుంటా లేదు. చెడినంత మేర లేత్ మిషను మీద కోయించి, లోపల ఉంగరంలా కొత్త స్లీవు తొడిగించారు. పక్కన నూనె కాగితంలో చుట్టిన బేరింగు. అంగుళాల కొలతదే. మద్రాసులో ఎవరో పాత వ్యాపారి దగ్గర దొరికిందట, సంక్రాంతి వెళ్లిన వారానికి.

అంటే దొరికి నాలుగు నెలలు.

"మరి బిగించలేదే?" అన్నాను. అంటూండగానే జవాబు తెలిసింది.

"మీరు రాలేదు కదమ్మా," అంది ఆమె. ఆ మాటలో నిష్ఠూరం లేదు. "అమ్మాయికి కబురు పంపవే అనేవారు. సరే పంపుతానంటే, వద్దులే, కాలేజీలో తీరికుండదేమో, తనే వస్తుందిలే అనేవారు. ఆస్పత్రికి వెళ్లే రోజున కూడా ఆ గుడ్డ సరిగ్గా కప్పావా అని అడిగారు."

నేను గుమ్మం వైపు రెండడుగులు వేశాను. ఆమె నా మోచేయి పట్టుకుని మళ్లీ బల్ల దగ్గరకు తీసుకెళ్లింది.

"చూడండమ్మా. చూసి తీసుకెళ్లండి. ఊరికే ఇచ్చేస్తే ఆయన ఊరుకోరు."

ఏం చూడాలో నాకు తెలియదు. బేరింగు తిప్పాను, చప్పుడు లేకుండా తిరిగింది. స్లీవు లోపల వేలు పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. ఆ చీకట్లో నేను కళ్లు చికిలిస్తున్నానని కాబోలు, ఆమె గుమ్మం దగ్గరకు వెళ్లి, రెండు చేతులతో గోనెపట్టా పైకెత్తి పట్టుకుంది. కేసు మీద వెలుగు పడింది. ఎంతసేపు వంగి చూశానో చెప్పలేను. ఒకసారి తలెత్తితే ఆమె పట్టా అంచును భుజం మీదికి మార్చుకుంటోంది. మళ్లీ కేసు మీదికి వంగాను. ఆమె పట్టా దించలేదు.