ముల్లు సగం దాటొద్దు

ప్రేమలత పదేళ్లు మరమగ్గాల మీద పనిచేసింది. తర్వాత డ్రైవింగ్ నేర్చుకుని, ఓ పాత కారు కొని, మాలాంటి రోగులను తిప్పుతోంది. సిరిసిల్లలో డయాలసిస్‌కు నాకు మంచం దొరకలేదు, జగిత్యాలలో దొరికింది. వారానికి మూడు రోజులు నేనూ, మా వీధి లక్ష్మవ్వా ఆ కారులోనే వెళ్లొస్తాం. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. సర్వీసులో ఉన్నప్పుడే నాకు ఓపిక లేదు, ఇప్పుడెక్కణ్ణుంచి వస్తుంది?

ఆ నెలలో ఇంజన్ మూడుసార్లు కాగిపోయింది. శుక్రవారమైతే గంటన్నర రోడ్డు మీదే నిలబడ్డాం. మేం చేరేసరికి మా మంచాలు వేరేవాళ్లకు ఇచ్చేశారు. నాకు ఒళ్లు మండింది.

"సోమవారం గూడ గిట్లనే అయితే, బుధవారం కెల్లి వేరే బండి మాట్లాడుకుంటం" అని ముఖం మీదే అనేశాను. మేమిద్దరం మానేస్తే ఆమెకు ఆ బండి ఉన్నా లేనట్టే. అది తెలిసే అన్నాను.

ఆదివారం పొద్దున, ఏం చేస్తోందో చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. మెకానిక్ దేవదాస్ అప్పటికే నీళ్ల పంపు మార్చాడు, థర్మోస్టాట్ మార్చాడు. కారు మాత్రం మారలేదు.

"ఇగ ఇంజన్ హెడ్ దించుడే అక్కా. నాలుగు రోజులైతది" అన్నాడు.

"తప్పు ఏడున్నదో తెల్వకుండ ఇప్పనియ్య తమ్మీ" అంది ప్రేమలత.

అతను విసుక్కుని వెళ్లిపోయాడు. ఆమె ఇంజన్ స్టార్ట్ చేసి, వేడి చూపే ముల్లు సగం దాటేదాకా ఆగింది. చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ పై పైపు ముట్టుకుంది, కింది పైపు ముట్టుకుంది. మళ్లీ ముట్టుకుంది.

"రెండూ ఒక్కతీరుగ కాలుతున్నయి సార్. నీళ్లు తిరుగుతున్నయి గని సల్లబడుతలేవు. పంపుది గాదు తప్పు."

ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆమె నా చేతిలోని పేపర్లోంచి ఒక పేజీ లాక్కుని కారు ముందు జాలీకి ఆనించింది. ఫ్యాన్ గాలి పీల్చితే అది అతుక్కోవాలి. జారి కింద పడింది. నేను ఇంకా చదవని పేజీ అది.

ఇంజన్ ఆపి, అంతా చల్లారాక, రేడియేటర్ ముందు జల్లెడలా ఉండే ఏసీ కండెన్సర్ బోల్టులు వదులు చేసి, పైపులు ఊడకుండా కొంచెం ముందుకు వంచింది. బయటి నుంచి తళతళలాడే ఆ జల్లెడకూ, వెనకున్న రేడియేటర్‌కూ మధ్య దుప్పటిలా పేరుకుని ఉంది దూది నుసి. గంజి నూలు దుమ్ము మీద నీళ్లు పడి అట్ట కట్టింది.

ఆమె తలెత్తి ఎదురుగా చూసింది. భర్త గణేశ్ పనిచేసే మగ్గాల షెడ్డు కిటికీ. కారు రోజూ ముక్కు అటు పెట్టుకునే నిలబడుతుంది.

"మీరెక్కేటాల్లకు సల్లగుండాలని రోజు పది నిమిషాలు ఈడనే ఏసీ నడిపిస్త సార్. నుసంత అదే గుంజుకున్నది. ముందు దిక్కుకెల్లి పైపుతోటి కడిగి దాన్ని నేనే లోపలికి కొట్టిన" అంది.

ఏళ్ల తరబడి ఆ నుసిలోనే బతికిన మనిషికి అది కంటికి ఆనలేదు. మా సుఖం కోసం చేసిన పనే బండిని ఉడికించింది. ఆ బండినే నేను వద్దన్నాను.

ఆమెకు అవన్నీ ఆలోచించే తీరిక లేదు. గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి, రంగులేసే కుంచెతో, రేడియేటర్ రేకులు వంగకుండా సాయంత్రం దాకా నుసి తీసింది. ఈసారి ఇంజన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టింది. ఏసీ పెట్టుకుని వేములవాడ దాకా పోయొచ్చింది.

సోమవారం జగిత్యాల దాకా నేను రోడ్డు చూడలేదు, ముల్లునే చూశాను. అది సగం దగ్గర కదలకుండా నిలబడింది. ఆసుపత్రి గేటు ముందు లక్ష్మవ్వను చెయ్యి పట్టి దింపి, ప్రేమలత నా వైపు తిరిగింది.

"ఎల్లుండి రమ్మంటరా సార్?"

జవాబు చెప్పడానికి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "రా బిడ్డా" అన్నాను.