గోడ మీద నా కళ్ళు

పోయిన నెల మా బావమరిది వెంట గన్నవరం దగ్గర ఒక పొలం బేరానికి వెళ్ళాను. విమానాశ్రయం పుణ్యమా అని ఆ చుట్టుపక్కల పిడకలు కొట్టే గోడకి కూడా నలుగురు బ్రోకర్లు కాపలా కాస్తున్నారు. మా బావమరిది అయిదోవాడు. పొలం ఒక టీచరమ్మది, ముప్పై దాటిన మనిషి. మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి కాఫీకని లోపలికి వెళ్ళింది. ఫ్యాను కింద చెమట ఆర్చుకుంటూ తలెత్తితే, ఎదురు గోడ మీద చందనం దండలోంచి చనిపోయిన మనిషొకడు నన్ను చూసి నవ్వుతున్నాడు. ముక్కు నాది కాదు, మీసం నాది కాదు, కళ్ళు మాత్రం అచ్చంగా నావి.

మన ఈడువాళ్ళలో బెజవాడ పాత స్టూడియోలు ఎరిగినవాళ్ళకి ఇదంత వింతగా ఉండకపోవచ్చు. డిగ్రీ నన్నూ, నేను డిగ్రీనీ పరస్పర అంగీకారంతో వదులుకున్నాక, వన్ టౌన్‌లో మా మేనమామ నడిపే ఫోటో స్టూడియోలో పనికి చేరాను. ఎండుమిరపకాయల గోడౌనుకీ ఇంగువ కొట్టుకీ మధ్య ఊపిరాడకుండా ఇరుక్కున్న స్టూడియో అది. మా దగ్గర ఫోటో దిగిన పెళ్ళికొడుకులూ పెళ్ళికూతుళ్ళూ అందరూ కళ్ళనీళ్ళతోనే ఉండేవారు; చూసినవాళ్ళు ఆనందబాష్పాలనుకునేవారు.

అయితే మామయ్యకి పేరు తెచ్చినవి పెళ్ళిళ్ళు కావు, చావులు. ఒక్క ఫోటో అయినా తీయించుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఆ రోజుల్లో ఊరికి సగం మంది. కబురు రాగానే మామయ్య కెమెరా సంచీ నా భుజాన తగిలించి స్కూటరెక్కించేవాడు. మేం వెళ్ళేసరికి పోయిన మనిషికి ఇస్త్రీ చొక్కా తొడిగి, గోడకి ఆనించి కూర్చోబెట్టి ఉంచేవారు. తీసిన ఫోటోని పెద్దది చేసి, మూసిన రెప్పల మీద మూడే మూడు వెంట్రుకలున్న బ్రష్షుతో మామయ్య కళ్ళు దిద్దేవాడు. దాన్ని కళ్ళు తెరిపించడం అనేవాళ్ళం. ఎదురుగా బతికున్న కళ్ళు లేనిదే ఆయన చెయ్యి కదిలేది కాదు కనుక స్టూలు మీద నన్ను కూర్చోబెట్టేవాడు. ఆ రకంగా కంకిపాడు నుంచి అవనిగడ్డ దాకా నేను చనిపోని ఊరు లేదు.

దండలోని మనిషి గుర్తుకొచ్చాడు. పొలంలో మోటారు షాకు కొట్టి పోయిన రైతు. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటో అంతకు ముందే వరదనీళ్ళలో కరిగిపోయిందట. కడుపుతో ఉన్న ఆయన భార్య, ఆయన కళ్ళెప్పుడూ నవ్వుతుండేవని మాత్రం చెప్పగలిగింది. నవ్వే కళ్ళ కోసం మామయ్య నాకొక జోకు చెప్పాడు. ఆ జోకు ఇక్కడ రాస్తే మా ఇంట్లో నాకు వారం రోజులు భోజనం పుట్టదు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను, ఆయన గీశాడు. పనయ్యాక మేమిద్దరం నవ్వు ఆపేశాం. ఫోటో ఆపలేదు.

కాఫీలు వచ్చాయి. మంచిరోజు కూడాను, అగ్రిమెంటు రాసేసుకుందామా అన్నాడు మా బావమరిది.

"ఒక్క నిమిషం అంకుల్, నాన్నని అడగాలి," అంది టీచరమ్మ.

వాడు నాన్నగారి కోసం వంటింటి వైపు తొంగి చూశాడు. ఆమె ఫోటో వైపు చెయ్యి చూపించింది.

"నవ్వకండేం. ఉద్యోగం, పెళ్ళి, పిల్లల స్కూలు, ఏదైనా ఆయన కళ్ళల్లోకి చూసి అడిగాకే చేస్తాను. ఇప్పటిదాకా దేనికీ కాదనలేదు పాపం. ఆయన గుర్తుగా మిగిలింది ఈ పొలమొక్కటే, అమ్మేస్తే మళ్ళీ రాదు గదా."

తను పుట్టకముందే పోయిన తండ్రిని ఈ పిల్ల ఇన్నేళ్ళుగా బతుకులోని ప్రతి మలుపులోనూ అడుగుతూ వచ్చింది. ప్రతిసారీ నేను ఒక పాడు జోకుకి నవ్వుతూ సరేనన్నానన్నమాట.

ఆమె పాస్ పుస్తకం తేవడానికి గదిలోకీ, మా బావమరిది కాగితాల కోసం కారు దగ్గరికీ వెళ్ళారు. ఖాళీ కప్పులు తీయడానికి వచ్చిన టీచరమ్మ తల్లి నా ముందు ఆగింది.

"మీరు స్టూడియో అబ్బాయి కదండీ? ఫోటో నా చేతికిచ్చిన రోజే పట్టేశాను. దాన్ని చూశాను, మిమ్మల్ని చూశాను. అయినా తెచ్చుకున్నాను. పుట్టే బిడ్డకి, తన వంక చూసే నాన్న కావాలి గదండీ." గదివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "చిత్రమేంటంటే అన్నయ్యగారూ, ఇప్పుడు ఆయన్ని తల్చుకున్నా ఈ కళ్ళే వస్తాయి. ఆయనవి ఎట్టా ఉండేవో నాకే తెలీడం లేదు. మా అమ్మాయికి మాత్రం చెప్పకండి."

నా కళ్ళు ఆ ఇంట్లో ఒక మనిషి కళ్ళని, ఎవరూ చూడకుండా, కొంచెం కొంచెంగా తినేశాయి.

టీచరమ్మ వచ్చి ఫోటో ముందు చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి తలాడించింది. మా బావమరిది పెన్ను మూత తీసి అందించాడు. దాన్ని పుచ్చుకుని ఇటు తిరగడంలో ఆమె చూపు నా మొహం మీద పడింది. నేను నవ్వడం లేదు.

ఆమె చెయ్యి ఆగింది. నన్ను చూసింది, ఫోటోని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"వద్దులెండి. ఎందుకో ఈసారి నాన్న ఒప్పుకోవట్లేదు."

తల్లి తలవంచుకుని కప్పులతో లోపలికి వెళ్ళిపోయింది.

రామవరప్పాడు రింగు దాకా మా బావమరిది కారు నడిపింది స్టీరింగుతో కాదు, తిట్లతో. "బావా, అసలు నువ్వక్కడ ఏం చేశావో చెప్పు!" అన్నాడు. ఏం చేశాను, చూశాను.

మామయ్య పోయాడు. స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఈరోజుల్లో పోయినవాళ్ళెవరికీ కళ్ళు అరువు తేనక్కర్లేదు. తింటూ, తుమ్ముతూ, ఆవలిస్తూ దిగిన నా ఫోటోలే మా ఇంటి ఫోనుల్లో ధాన్యం బస్తాల్లా పేరుకున్నాయి. రేపు వాటిలో ఒకటి గోడకెక్కుతుంది. మా పిల్లలకి ఏ అనుమానమొచ్చినా తలవంచి ఫోనునే అడుగుతారు, తలెత్తి గోడని అడిగే అవసరం వాళ్ళకి రాదు. నా కళ్ళల్లోకి చూసి మంచీచెడ్డా అడిగే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆ అమ్మాయికి నా పేరు కూడా తెలియదు.