దేవుడర్రలో ఇటలీ తల్లి

మా అమ్మ ఏళ్ల తరబడి మరియమ్మకు కుంకుమ బొట్టు పెట్టింది, యశోద అనుకొని.

కేసముద్రంలో మా ఇంటి దేవుడర్రలో, వేంకటేశ్వరస్వామి పటం పక్కన, అద్దం లేని చట్రంలో ఉండేది ఆ బొమ్మ. బిడ్డను ఒడిలో పెట్టుకొని వంగి చూస్తున్న తల్లి. కొడకండ్ల దగ్గర ఒక దొరల పాత గడీ కూలుస్తుంటే నాన్న అడిగి తెచ్చాడు. అమ్మ శుక్రవారం శుక్రవారం ఆ కాగితం మీదే బొట్టు పెట్టేది. నాన్న పోయాక కూడా మానలేదు.

నేను భూపాలపల్లిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్తాను. గీత కనబడితే ఊరుకునే రకాన్ని కాను. పోయినేడు సెలవులకు వచ్చి, భూతద్దం పెట్టి చూసి నోరు తెరిచాను. రాగి రేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో నానబెట్టి, ఆ గీతల్లో సిరా నింపి కాగితానికి అద్దిన పాతకాలపు ఇటలీ పని అది. ఆ తల్లి కనురెప్పలో ఒక్కో గీత వెంట్రుక కంటే సన్నం. ఎక్కడి ఇటలీ, ఎక్కడి కేసముద్రం! వందల ఏళ్ల కింద ఎవరో ఊపిరి బిగబట్టి గీసిన గీత, మా కర్పూరం పొగకూ మార్కెట్ యార్డు నుంచి వచ్చే పత్తి దుమ్ముకూ చెదరలేదు. నాకు ఒళ్లు జలదరించింది. చేతులు కడుక్కొని వచ్చి మళ్లీ చూశాను.

"గీమె యశోద కాదమ్మా, ఏసు తల్లి మరియమ్మ" అన్నాను.

"అయితేంది? ఒడిల బిడ్డ ఉన్నడా లేడా?" అంది అమ్మ. అక్కడితో ఆ తగాదా ముగిసింది.

అసలు తగాదా పాత బొమ్మల పండితులది. ఫొటోలు పంపితే ఒకరు ఇటలీలో పేరున్న ఒక గొప్ప గురువు సొంత చేతి పని అన్నారు, ఇంకొకరు శిష్యుడి నకలు అన్నారు. గురువు నుదుటి నీడను చుక్కలతో తీర్చేవాడట, శిష్యుడు గీతలతో. తేలాల్సింది నుదుటి దగ్గరే. అక్కడే అమ్మ బొట్టు పెచ్చు కట్టి ఉంది.

గురువుదే కావాలని నాకు మహా ఆశ. పాత కాగితాలు బాగుచేసే ఒకావిడను హైదరాబాదు నుంచి పిలిపించాను. ఆవిడ దూదిపుల్ల తడిపేసరికి అమ్మ వచ్చి బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం జేస్తున్రు?"

"బొట్టు తుడుస్తున్నరమ్మా. ఎవలు గీసిన్రో తెలుస్తది. జర జరుగు" అన్నాను విసుగ్గా.

అమ్మ జరగలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మీ నాయిన పోయిననాడు నా బొట్టు తుడిచిన్రు. ఉంచుకుంటవా అని ఎవ్వలన్న అడిగిన్రా నన్ను? గిప్పుడు గీమెను గూడ అడుగకుంటనే తుడుస్తరా?"

ఆవిడ దూదిపుల్ల పక్కన పెట్టి సీసాకు మూత బిగించింది. ఆ బొమ్మను చూసినప్పటి కంటే ఎక్కువగా అమ్మను చూసి ఒళ్లు జలదరించింది.

గురువుదో శిష్యుడిదో ఇప్పటికీ తేలలేదు. సెలవుల్లో వచ్చినప్పుడు, శుక్రవారం అమ్మ కుంకుమ భరిణె తీస్తే, చట్రం కదలకుండా నేను పట్టుకుంటాను.