అమ్మోరి పండుగకు పెద్ద ఎవరని అడిగారు

ఈ పొద్దు మన ఊరు టేర్ రూజ్ నుంచి నడిచి పట్నానికి, ఈ చెరకు దీవినేలే దొరల పోర్ట్ లూయీ కచేరీకి వెళ్లాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే బడిపంతులు రాస్తున్నాడు, రేపు దుకాణం గోడకు అంటిస్తాడు.

ఆదివారం అమ్మోరి ఊరేగింపుకు డప్పులు కొట్టాలంటే దొర అనుమతి కావాలట. చర్చి గంట కొట్టేవాళ్లు ఎవరినీ అడగనక్కర్లేదు, మేము మాత్రం అడగాలి. సరే, అడిగాను.

దొర పక్కన కోటు వేసుకుని దుబాసీగా నిలబడ్డవాడు మన తెలుగువాడే.

"అవ్వా, మీ మతానికి పెద్ద ఎవరంటున్నారు దొరగారు. చర్చికి బిషప్ ఉన్నాడు, మసీదుకు ఇమాం ఉన్నాడు. మీ పెద్ద సంతకం లేనిదే అనుమతి ఇవ్వరట."

"ముప్పై ఏళ్లుగా అమ్మోరి ఘటం నెత్తిన మోస్తున్నది నేను. నేనే పెద్దని. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి?"

"ఆడవాళ్ల వేలిముద్ర చెల్లదవ్వా."

"చిన్నప్పుడు నీకు అమ్మోరు పోస్తే మీ అమ్మ నిన్ను ఎవరి గుమ్మంలో పడుకోబెట్టిందిరా? బిషప్ గుమ్మంలోనా? నీ మొహం మీద మచ్చలు దొరకు చూపించు."

వాడు ఆ మాట దొరకు చెప్పలేదు. తల వంచుకుని కాగితం మీద ఏదో రాశాడు. ఏం రాశావని గద్దిస్తే, "పెద్ద లేరు" అని రాశానన్నాడు.

ఈ కాగితం కింద నా వేలిముద్ర వేశాను. పక్కన చాలా చోటుంది. నేను పెద్దనని ఒప్పుకునేవాళ్లు మీ వేళ్లూ వేయండి, ఎల్లుండి దీన్నే కచేరీకి పట్టుకెళ్తాను. ఒప్పుకోనివాళ్లు ఆదివారం ఘటం మీరే ఎత్తుకోండి.