అమ్మ రంగు దొరకని పత్రికలు

కొవ్వూరు రాణి రంగులు కొనని చిత్రకారిణి. పాత వారపత్రికలు, శుభలేఖలు, సరుకుల ప్యాకెట్లు చింపి, మైదా జిగురుతో అట్ట మీద అతికించి మనుషుల్ని తయారుచేస్తుంది. ఈ విద్యను కొలాజ్ అంటారని రాజమండ్రిలో బొమ్మల ప్రదర్శన పెట్టేవాళ్లు చెప్పారు. వాళ్లమ్మ రత్తమ్మ మాత్రం చెత్తపని అంటుంది.

ఈసారి రాజమండ్రి ప్రదర్శనకు రాణి అమ్మనే అతికించదలచింది. చిక్కు అక్కడే వచ్చింది. ఏళ్ల తరబడి గోదారి ఒడ్డున ఎండలో చేపలమ్మిన రత్తమ్మ ఒంటిరంగు ఏ పత్రికలోనూ లేదు. పట్టుచీరల ప్రకటనల్లో అమ్మాయిలే కాదు, మోకాళ్లనొప్పుల ప్రకటనల్లో ముసలమ్మలు కూడా గులాబీరంగులో మెరిసిపోతున్నారు. నల్లనివాళ్లకు మోకాళ్లు నొప్పెట్టవని పత్రికలవారి సిద్ధాంతం కాబోలు. చివరికి టీపొడి ప్యాకెట్లలో నుదురు, చింతపండు ప్యాకెట్లలో బుగ్గలు, దాణాబస్తా మీది గేదె బొమ్మలో గడ్డం దొరికాయి.

రత్తమ్మ చూసింది.

"గేదెని అంటించావేంటే నాకు? నలుగురూ చూసేచోట ఒక్కసారన్నా తెల్లగా ఉండనివ్వవా? మార్చకపోతే అక్కడికొచ్చి నేనే పీకేస్తాను."

"పీకితే బుగ్గ ఊడొస్తుందమ్మా."

"ఊడనీ."

అన్నంత పనీ చేసే మనిషి. ప్రారంభం రోజున బస్సెక్కి వచ్చేసింది.

హాలు గుమ్మంలో ఫ్లెక్సీ కట్టారు. అందులో రాణి ఫోటో, బొమ్మలోని మనిషి కాబట్టి పక్కన రత్తమ్మ ఫోటో. ఫ్లెక్సీ వేసేవాళ్లు అడక్కుండానే అందర్నీ తెల్లబరుస్తారు, అదొక మర్యాద. ఆ మర్యాదలో రత్తమ్మ వెన్నముద్దయిపోయింది. ఆవిడ దాని ముందు నిలబడి కొంగు సర్దుకుంది. కోరిక తీరింది.

అంతలో ఆవిడ దగ్గరే చేపలు కొనే కొవ్వూరు మాస్టారు లోకనాథ్ గారు వచ్చారు.

"ఏం రత్తమ్మా, నువ్వూ వచ్చావా? ఫ్లెక్సీలో ఎవరీవిడ, సీరియల్లో చేస్తుందా?"

"నేనేనండి."

"బాగుంది," అని నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. నమ్మలేదు.

రత్తమ్మ మొహం చిన్నబోయింది. ఆయన వెనకే వెళ్లింది. లోపల రాణి, తల్లిని చూసి బొమ్మకు అడ్డంగా నిలబడబోయి ఆగిపోయింది. ఎందుకంటే మాస్టారు గుమ్మం దగ్గర్నుంచే బొమ్మ వైపు వేలు చూపించారు.

"అదిగో రత్తమ్మ. తక్కువకి అడిగితే చూస్తుందే, ఆ చూపేనండీ."

రత్తమ్మ బొమ్మ దగ్గరికెళ్లి, చేప మొప్ప ఎత్తి చూసినట్టు, బుగ్గ కాగితం అంచు గోటితో ఎత్తింది. రాణి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తల్లి ఆ అంచును బొటనవేలితో అదిమి పట్టుకుని ఉంది.

"సరిగ్గా అంటించడం కూడా రాదు నీకు," అంది.

తర్వాత కుర్చీ లాక్కుని బొమ్మ పక్కనే కూర్చుంది. ఇంతమంచి బొమ్మ ఎవరు చేశారండీ అని ఎవరో అడిగారు.

"ఎవరు చేస్తే ఏంటండి," అంది రత్తమ్మ. "నేనేనా, కాదా? అది చెప్పండి."