ఇల్లందు నుంచి చర్ల దాకా: పాత స్పోర్ట్స్ కారులో పెళ్లికూతురు

ఈ ప్రయాణానికి మూలం ఒక ఆదివారం నోరుజారి ఇచ్చిన మాట. ఖమ్మంలో మా మేడమీద గదిలో స్వరూప అని ఒక అమ్మాయి అద్దెకుండేది. దవాఖానాలో స్టాఫ్ నర్సు. సెలవు రోజు వస్తే మా షెడ్డులోకి దిగి, కిరోసిన్ పళ్లెం ముందు నాతో పాటు కూర్చుని కారు ముక్కలు తోమేది. అలా తోముతూనే ఒకసారి, "అక్కా, ఈ బండి లేస్తే నా పెండ్లికి దీంట్లనే పోత" అంది. అప్పటికి ఆ బండిలో ఇంజను లేదు, ఆ పెళ్లికి పెళ్లికొడుకు లేడు. రెండూ ఇప్పట్లో దొరకవన్న ధైర్యంతో సరేనన్నాను. ఏం చెప్పను, ఒకే ఏడు రెండూ కుదిరాయి.

బండి సంగతి కొత్తవాళ్ల కోసం చెబుతాను. అరవైల్లో బ్రిటన్‌లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి వేసుకోవచ్చు. ఇల్లందులో ఒకప్పటి గని ఇంజనీరు ఎవరో బంగళా వెనక షెడ్డులో వదిలేసి వెళ్లిపోతే, మా మామగారు దాన్ని తుక్కు కింద కొని తెచ్చారు. అప్పటికి పక్కసీటులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. నేనూ మా ఆయన శ్రీధరూ ఐదేళ్లు దాని మీద పడ్డాం. దొరికిన సామాన్లు విదేశం నుంచి తెప్పించాం, దొరకనివి ఖమ్మంలో లేతు మిషను మీద చేయించాం. ఆకుపచ్చ రంగు వేశాక స్వరూపే దానికి చిలక అని పేరు పెట్టింది. చిలక బాగానే ఎగురుతుంది. కానీ చలిదేశంలో పుట్టిన బండి కదా, మన ఎండలంటే దానికి గిట్టదు. పైగా పెళ్లి ఏప్రిల్‌లో.

స్వరూప వాళ్లది ఇల్లందు పక్కన ఒక గూడెం. పెళ్లికొడుకుది చర్ల దాటాక అడవిలో ఊరు. వాళ్లలో పెళ్లి అబ్బాయి ఊళ్లోనే చేస్తారు. పొద్దుగూకకముందే పెళ్లికూతురు ఆ ఊరి పొలిమేర చేరాలి, అక్కడికి డోళ్లతో ఎదురొస్తారు. నేను తెల్లవారగానే ఖమ్మంలో బయల్దేరి గంటన్నరలో ఇల్లందు చేరాను. శ్రీధర్ వెనకాల కిరాయి జీపులో పానాల పెట్టె, నీళ్ల క్యాన్లు వేసుకుని వచ్చాడు. వాకిట్లో చిలకను ఆపగానే స్వరూప వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి మెల్లగా ఒక మాట చెప్పింది.

"బిడ్డా, గడప దాటి బండెక్కినంక పిల్ల మల్ల అత్తోల్ల పొలిమేరలనే దిగాలె. నడుమల నేల మీద కాలు పెట్టొద్దు, బండి మారొద్దు. మా అమ్మ గట్లనే వచ్చింది, నేను గట్లనే వచ్చిన."

"దారిలో ఏమన్నా ఐతే?" అన్నాను.

"ఏమైతది? నువ్వు నడుపుతున్నవ్ గద" అంది ఆమె, గొప్ప ధైర్యం చెప్పినట్టు. అరవై ఏళ్ల వెనకటి ఇనుమును, ఏప్రిల్ ఎండలో, అడవిలోకి, దిగడానికి వీల్లేని మనిషిని ఎక్కించుకుని నడపాలి. ఏ ఒక్క బోల్టు మొండికేసినా ఆ తల్లి మాట నా చేతుల్లోనే పోతుంది.

స్వరూప మేనమామ ఎర్రయ్య ఊళ్లో పెళ్లి జీపులన్నింటికీ పూలు కట్టే మనిషి. మా చిలక ముక్కు మీద ఒక బంతిపూల దండ వేసి బైండింగ్ వైరుతో బిగించాడు. బాగుంది, గాలి ఆడుతోంది, నేనేమీ అనలేదు. తొమ్మిదికి బయల్దేరాం. పారాణి పెట్టుకున్న పాదాలు రెండూ దగ్గరగా పెట్టుకుని, తలమీద కొంగు ఎగరకుండా పట్టుకుని స్వరూప నా పక్కన కూర్చుంది. రెండే సీట్లు కాబట్టి తోడు ఎవరూ లేరు. అమ్మ, మేనమామ, మిగతావాళ్లు జీపులో వెనక.

ఇల్లందు నుంచి కొత్తగూడెం దాకా రోడ్డు బాగుంటుంది, రెండు వైపులా టేకు. ఇలాంటి బండి ఉన్నవాళ్లు పొద్దున్నే ఈ ముక్క నడిపి తీరాలి. గాలి మొహానికి కొడుతూ, ఇంజను ఒకే శ్రుతిలో పాడుతూ ఉంటే ఐదేళ్ల నడుంనొప్పి మర్చిపోతాం. నేను మాత్రం అడవిని చూసింది తక్కువ, వేడి చూపించే ముల్లును చూసింది ఎక్కువ. ముల్లు నడిమధ్యలో కదలకుండా ఉంది. పాల్వంచ దాటాం, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కాం. నది సన్నబడి ఇసుక మెరుస్తోంది. స్వరూప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వంతెన మీద లారీల వెనక నిలబడ్డప్పుడు కూడా ముల్లు అక్కడే ఉంది. ఇంత బుద్ధిగా ఉంటే నాకు ఇంకా భయం. ఏడ్చే పిల్ల ఏడవకపోతే జ్వరమేమో అనుకోమూ, అలాగ.

భద్రాచలంలో ఆగి పెట్రోలు నింపించాను. ఆ తర్వాత దారిని నమ్ముకోవద్దని శ్రీధర్ ముందే చెప్పాడు. మేం వంతులవారీగా వెళ్లి భోంచేశాం, ఒక్కొక్కరికి నూట ఇరవై అయింది. స్వరూపకు పులిహోర పొట్లం కారులోకే తెచ్చాను. నాలుగు ముద్దలు తిని ఆపేసింది. నీళ్ల సీసా ఇస్తే తోసేసింది.

"తాగితే దిగాలె గదక్కా."

"నువ్వే నర్సువి. ఈ ఎండలో నీళ్లు లేకపోతే ఏమవుతుందో నేను చెప్పాలా?"

"ఊకో అక్కా. ఒక్క పూట కోసం ఏం గాదు."

నేను భోజనానికి వెళ్లినప్పుడే ఎర్రయ్య తన పని తాను చేశాడు. వాడిన దండ అత్తవారి కళ్ల పడకూడదని, గుడి వీధిలో ఇంకా లావు దండలు రెండు కొని పాతదాని మీదే కట్టేశాడు. సందుల్లో మామిడాకులు కూరాడు. అన్నీ తాజాగా ఉండాలని చెంబుతో నీళ్లు కూడా చల్లాడు. వచ్చి చూస్తే కళ్లకు పండగగా ఉంది. "ఎట్లున్నది మేడం?" అంటే "మస్తుంది" అన్నాను. నిజంగానే మస్తుంది.

దుమ్ముగూడెం దారిలో ముల్లు కదిలింది. మొదట వెంట్రుకవాసి. ఆ తర్వాత రోడ్డు గతుకులై నడక మందగించాక, నేను గేరు మార్చిన ప్రతిసారీ అది ఒక మెట్టు ఎక్కినట్టే అనిపించింది. నీళ్ల పంపు పోయిందా? ఫ్యాను బెల్టు జారుతోందా? వేడి పెరిగితే నీళ్లకు దారి వదిలే చిన్న కవాటం ఒకటి ఉంటుంది, థర్మోస్టాట్ అంటాం, అది మూసుకుపోయిందా? ఐదేళ్లలో నేను విప్పి బిగించిన ప్రతి ముక్కా ఒక్కొక్కటిగా మనసులోకి వచ్చి నామీద నేరం మోపింది. పాత బ్రిటిష్ కార్లవాళ్లకు తెలిసిన చివరి ఉపాయం ఒకటుంది. హీటర్ పూర్తిగా తిప్పితే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. ఏసీ లేని ఈ బండికి హీటర్ మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, పెళ్లికూతురి పారాణి పాదాల మీదికి, హీటర్ వేశాను.

"ఏందక్కా ఇది, కాళ్లు కాలుతున్నయి!"

"ఓర్చుకో తల్లీ. నీ కాళ్లు కాలకపోతే బండి కాలుతుంది."

నవ్వింది కానీ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చెంపల మీద చెమటకు పసుపు చారలు కట్టింది. నాకు నవ్వు రాలేదు.

చర్లకు ఇవతల పోలీసు క్యాంపు దగ్గర తనిఖీ. ముందు ట్రాక్టర్లు వరుసలో ఉన్నాయి. ఈ వేడిలో ఇంజను ఆపితే మళ్లీ లేవదేమోనని ఆపకుండా నిలబెట్టాను. మా వంతు వచ్చేసరికి ముల్లు ఎరుపు గీత అంచున ఉంది. కానిస్టేబులు ఒకాయన వచ్చి బండి చుట్టూ తిరిగి, "అందరు దిగుండ్రి. డిక్కీ తెరువుండ్రి" అన్నాడు.

"సార్, ఈ అమ్మాయి దిగకూడదు. పెళ్లికూతురు" అన్నాను.

జీపులోంచి స్వరూప వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చి చేతులు జోడించింది. ఆయన ఒకసారి పారాణి వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. "మా చెల్లెను గిట్లనే పంపినం. కూసోనియ్యిండ్రి" అని డిక్కీ మాత్రం చూసి, గేటు ఎత్తించాడు. ఆయన్ని మనసులోనే దీవించాను.

కిలోమీటరు కూడా పోలేదు, బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. ఇప్పచెట్ల నీడలోకి బండి లాగి ఆపేశాను. చప్పుడు ఆగాక అడవి నిశ్శబ్దం ఒక్కసారిగా చెవులకు కొట్టింది. పొద్దు పడమటికి జారుతోంది, పొలిమేర ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు.

శ్రీధర్ బానెట్ ఎత్తాడు. బెల్టు బిగువుగా ఉంది. పంపు కారడం లేదు. "థర్మోస్టాటే" అన్నాడు. "అది విప్పాలంటే ఇంజను చల్లారాలి, గంట పైన పడుతుంది." ఆ తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయిని ఎత్తుకుని జీపులో కూర్చోబెడదాం, కాలు నేల మీద పడదు కదా" అన్నాడు.

స్వరూప వాళ్లమ్మ వినేసింది. "బండి మారితే దిగినట్టే సారూ" అంది. కోపంగా అనలేదు. ఆ మాట అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లి ఆగదు, నాకు తెలుసు. కానీ ఈ తల్లి బతికినన్నాళ్లూ కూతురింట్లో ఏ చిన్న కష్టమొచ్చినా ఈ ఇప్పచెట్టు కిందికే వచ్చి నిలబడుతుంది. ఆ పక్కన నేనూ నా పచ్చ కారూ ఉంటాం.

సీటులోంచి స్వరూప పిలిచింది. "అక్కా, కూర ఉడికిన వాసనొస్తంది."

"ఆకలికి అట్లా అనిపిస్తుందిలే."

"కాదక్కా. బంతాకు వాసన. ఉడుకుతున్నది."

ముందుకెళ్లి బంతిపూల మీద చెయ్యి పెట్టాను. మెత్తగా, వేడిగా, తోటకూరలా ఉడికి ఉన్నాయి. వేళ్లు లోపలికి దూర్చితే దండల వెనక మామిడాకులు, వాటి వెనక తడిసిన రేకులు ఇంజను నీళ్లను గాలికి చల్లార్చే రేడియేటర్ మీద అట్టలా అంటుకుపోయి ఉన్నాయి. పంపూ లేదు, కవాటమూ లేదు. బండి ముక్కు మూసి పరుగెత్తించాం, అంతే. జీపు పెద్ద మూతికి ఈ పూలు ఒక లెక్క కాదు. మా చిలకది చారెడు నోరు.

"ఈ పూలు తీసెయ్యాలి" అన్నాను.

ఎర్రయ్య అడ్డం వచ్చాడు. "గట్లెట్ల మేడం? కట్టిన పూలు అత్తోల్ల వాకిట్లనే తియ్యాలె. దార్ల తెంపి పారేస్తే పెండ్లి దార్ల తెంపినట్టు." ఆయన మొహం చూస్తే జాలేసింది. ఆయన చేతులతో కట్టిన పూలు అవి, తప్పు చేశాడని ఎవరూ అనలేదు, అయినా ఆయనకు అర్థమైంది.

స్వరూప కొంగు విప్పి రెండు చేతులతో ఒళ్లో పరిచింది.

"పారెయ్యకుండ్రి. నా ఒళ్లె పొయ్యుండ్రి. పూలు నాతోనే వస్తయి గద. తెంపినట్టెట్లయితది?"

అందరం వాళ్లమ్మ వైపు చూశాం. ఆమె కూతురి ఒడి వంక చూసింది, పొద్దు వంక చూసింది. అప్పుడు వచ్చి బండి ముందు వంగి, ఉడికిన బంతిపూలు దోసెడు తీసి, కూతురి ఒళ్లో పోసింది. "ఆడిబిడ్డను సాగనంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తం గదనె. ఇయ్యాల ఒడిపూలు అనుకుందం" అంది. కళ్లు తుడుచుకోలేదు. రెండో దోసెడు ఎర్రయ్య పోశాడు. వైరు కత్తిరించింది ఆయనే. పాత దండ, కొత్త దండలు, మామిడాకులు, వేలికి అంటిన రేకు కూడా వదలకుండా అన్నీ ఆ ఒడిలోకే చేరాయి. ఒడి నిండాక తల్లి కొంగు చివర్లు తెచ్చి నడుముకు ముడివేసింది. ముడివేస్తూ నీళ్ల సీసా మూత తీసి కూతురి నోటికి ఆనించింది. ఈసారి స్వరూప కాదనలేదు.

శ్రీధర్ రేడియేటర్ సందుల్లోని రేకులు పళ్లు తోముకునే బ్రష్షుతో తోశాడు. కాస్త వేడి తగ్గేదాకా ఆగి, గుడ్డ చుట్టి మూత తిప్పి నీళ్లు నింపాం. తాళం తిప్పాను. చిలక రెండుసార్లు దగ్గింది. మూడోసారి లేచింది. ఎర్రయ్య ఈల వేశాడు. మిగతా దారంతా ముల్లు నడిమధ్యకు వచ్చి కూర్చుంది, నేను మాత్రం దాన్ని చూడటం మానలేదు.

పొలిమేర దగ్గర పొద్దు తాటిచెట్ల తలల మీదుంది. డోళ్లు మోగుతున్నాయి. ముందు మూతికి ఒక్క పువ్వు కూడా లేని పెళ్లిబండిని చూసి వాళ్లలో ఎవరో గుసగుసలాడారు. స్వరూప తలుపు తీసి, పొద్దుటి నుంచి నేల చూడని పాదం దించి, నిలబడి కొంగు ముడి విప్పింది. వాళ్లత్త ఒక్క క్షణం ఆ పూల వంక చూసింది. తన కొంగు చాపి పట్టింది. స్వరూప ఒడిలోని పూలన్నీ అత్త ఒడిలోకి జారాయి.

నేను ఐదేళ్లు ఈ బండిని కొత్తదానిలా చేయాలని చూశాను. గీత పడితే నిద్రపట్టేది కాదు. భయమంతా బండి గురించే అనుకునేదాన్ని. ఆ సాయంత్రం డోళ్ల మధ్య నిలబడి, వేడెక్కిన బానెట్ మీద చెయ్యి వేసి ఉంటే, భయం దేనికో తెలిసింది. పాత బండి నడపడమంటే ఎవరో ఒకరు మనమీద పెట్టుకున్న నమ్మకాన్ని పక్కసీటులో కూర్చోబెట్టుకుని పోవడమే. రేడియేటర్ సందుల్లో బంతిరేకులు ఇంకా రెండు మూడు ఉన్నాయి. బ్రష్షుకు అందుతాయి, అయినా తియ్యలేదు.

ఈ దారిలో పాత కారు తీసుకెళ్లేవాళ్లకు ఒక్క మాట. పూలు వెనక డిక్కీకి కట్టండి, అద్దం చుట్టూ కట్టండి, ముందు మూతికి మాత్రం కట్టకండి. కట్టక తప్పదంటే, పక్కసీటులో ఒడి పట్టే మనిషిని కూర్చోబెట్టుకోండి.